అమావాస్య రాత్రి వల్లకాట్లో కూర్చుంటే తప్పేంటి?

కృష్ణాతీరం:
పక్క ఊరి చెరువు వెనక, చింతతోపు దాటాక పాత వల్లకాడు ఉంది. కొరివి దయ్యం తిరుగుతుందని మా నాయనమ్మ కాలం నుంచీ అంటారు, చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోరు. మొన్న అమావాస్యకి నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ రాత్రి 11 నుంచి 3 దాకా అక్కడ కూర్చుని వీడియో తీశాం. ఏమీ కనపడలేదు. వీడియో పెట్టాక పెద్ద గొడవ. పెద్దమనుషుల ముందు క్షమాపణ చెప్పాలంటున్నారు. మేం చేసిన తప్పేంటి?

గడ్డిపూవు:
అమావాస్యే ఎందుకు? పౌర్ణమికి పోతే వెలుతురన్నా ఉండేది కదా.

హేతువు:
తప్పేం లేదు తమ్ముడూ. 2018 జూన్‌లో పాలకొల్లులో శ్మశానం బాగుచేసే పనికి కూలీలు దయ్యాల భయంతో రాకపోతే, అప్పటి ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు గారు అక్కడే భోంచేసి, మంచం వేసుకుని పడుకున్నారు. దోమలు తప్ప ఆయన్ని ఏదీ ఇబ్బంది పెట్టలేదు. ఎవరో ఒకరు ముందు వెళ్ళకపోతే ఈ భయం పోదు.

మట్టివాసన:
పాలకొల్లు సంగతి ఇక్కడ అతకదు. అక్కడ పని ఆగిపోయింది కాబట్టి ఆయన వెళ్ళారు. వీళ్ళు ఏ పని మీద వెళ్ళారు?

హేతువు:
భయం పోగొట్టడం పని కాదా? కర్ణాటకలోని బెళగావిలో అక్కడి రాజకీయ నాయకుడు సతీశ్ జార్కిహొళి డిసెంబరు 6న, అంబేడ్కర్ వర్ధంతికి, జనాన్ని వెంటబెట్టుకుని శ్మశానంలో రాత్రంతా గడిపారు. అదీ అతకదా?

మట్టివాసన:
అతకదు. అది అందరికీ చెప్పి, అందరినీ పిలిచి చేసింది.

నల్లరేగడి:
దయ్యాల మాట పక్కన పెట్టండి. కట్లపాము తిరిగేది రాత్రిళ్ళే. కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు. మా బాబాయి పొలం కాపలాకి పోయి నేల మీద పడుకున్నాడు. తెల్లారేసరికి కనురెప్పలు లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. టార్చి, బూట్లు లేకుండా అలాంటి చోటికి పోకండి.

కృష్ణాతీరం:
టార్చి ఉంది అన్నా. బూట్లు కూడా వేసుకున్నాం.

మట్టివాసన:
ఆ బూట్ల గురించే నేను చెప్పేది. నీ వీడియో చూశాను. ఫోన్ స్టాండు పెట్టిన మట్టిదిబ్బ తలాపున చిన్న వేప మొక్క ఉంది చూడు. అది మా అమ్మ సమాధి. రెండేళ్ళయింది. రాయి వేయించే స్తోమత లేక మొక్క నాటాం. నువ్వు దాని మీద కాలు పెట్టి "దయ్యం ఉండేది ఇక్కడేనంట" అన్నావు. మా చెల్లి అది చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

గడ్డిపూవు:
అయ్యో.

కృష్ణాతీరం:
అన్నా, అది సమాధి అని నిజంగా తెలియదు. ఉత్త మట్టి అనుకున్నా.

హేతువు:
జరిగినదానికి బాధగా ఉంది. కానీ దానికీ రాత్రి వెళ్ళకూడదనడానికీ సంబంధం లేదు. మా మేనత్త, మామయ్య పోయాక రోజూ సందెవేళ ఆయన సమాధి దగ్గర దీపం పెట్టేది. చీకట్లో వల్లకాట్లో దీనికేం పని అని చేతబడి అంటగట్టారు. స్తంభానికి కట్టి కొట్టారు. ఆ తర్వాత ఆమె మళ్ళీ సొంత ఊళ్ళో అడుగుపెట్టలేదు. వల్లకాడంటే ఆ భయమే లేకపోతే ఆమెకి ఆ గతి పట్టేది కాదు. నేను ఊరుకోలేను.

సెక్షన్301:
రాత్రి వెళ్ళడం ఒక్కటే నేరం కాదు. ఇతరుల మనసు నొప్పించాలని గానీ, నొచ్చుకుంటారని తెలిసి గానీ సమాధుల చోట చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301 కింద ఏడాది దాకా జైలు. పాత ఐపీసీలో ఇదే 297.

మట్టివాసన:
కేసు ఎవరడిగారు? హేతువు గారూ, మీ మేనత్తకి జరిగింది ఘోరం. కానీ ఆమె వెళ్ళింది తన మనిషి దగ్గరికి. వీళ్ళెవరి దగ్గరికి వచ్చారు? తమ్ముడూ, మీ ఊళ్ళో మీ వాళ్ళ శ్మశానం ఉంది. ప్రహరీ, గేటు, లైట్లు కూడా ఉన్నాయి. అక్కడి మర్రిచెట్టు మీద దయ్యం ఉందని మీ ఊరివాళ్ళే అంటారు. అక్కడ కూర్చోలేదేం? మా మాలపల్లె వల్లకాడైతే అడిగేవాడు ఉండడనేగా? దారి కోసం, ఒక్క లైటు కోసం పంచాయతీకి ఎన్ని అర్జీలు పెట్టామో! మా అమ్మని మోకాటి లోతు నీళ్ళలో మోసుకెళ్ళాం. ఆ రోజు ఎవరూ వీడియో తీయలేదు.

హేతువు:
ఇందులోకి కులం ఎందుకు? ప్రశ్న దయ్యం గురించి.

మట్టివాసన:
మీకు దయ్యం గురించి. మొదటి నుంచీ నేను అడిగేది ఇదే.

కృష్ణాతీరం:
వీడియో తీసేశాను. మా శ్మశానానికే పోదామని మొదట అనుకున్నాం. నాన్నకి తెలిస్తే ఊరుకోరని మానేశాం. మీ దగ్గర ఎవర్నైనా అడగాలని మాకు తట్టనే లేదు. పెద్దమనుషుల ముందు కాదన్నా, రమ్మంటే మీ ఇంటికొచ్చి చెల్లికే చెబుతా.

మట్టివాసన:
రమ్మని ఇప్పుడే చెప్పలేను. చెల్లిని అడగాలి.