హిప్నోథెరపీకి 'వశీకరణ చికిత్స' అని రాసిచ్చి తప్పు చేశాను, సరైన మాట చెప్పండి

తిరుపతి నుంచి (చర్చ మొదలుపెట్టింది నేనే):
అందరికీ నమస్కారం. మా వీధిలో మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ తన కరపత్రం తెలుగులో రాసిపెట్టమన్నారు. 'హిప్నోథెరపీ' (హిప్నాటిజంతో చేసే చికిత్స) అన్నచోట నేను పెద్దగా ఆలోచించకుండా 'వశీకరణ చికిత్స' అని రాసిచ్చాను. బైరాగిపట్టెడ, కొర్లగుంట వైపు పంచారు. రెండోరోజు నుంచి ఒకటే ఫోన్లు. ఒకామె, "మా ఆయనకు తెలీకుండా తాగుడు మాన్పించాల మేడం, ఫొటో తెస్తే చాలునా?" అందట. ఇంకొకాయనకు కొడుకు ఒక అమ్మాయిని మరిచిపోవాలి. తనకు నిద్ర పట్టడం లేదనో, నొప్పి తగ్గడం లేదనో ఒక్కరూ చేయలేదు. డాక్టరమ్మ నవ్వారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడేమని రాయాలి?

చిత్తూరు, రిటైరైన తెలుగు మాస్టారు:
ఫోన్ చేసినోళ్ల తప్పేముంది నాయనా? వశ్యం అన్నా వశీకరణం అన్నా ఒకటే, తాంత్రికుల షట్కర్మల్లో (ఆరు ప్రయోగాల్లో) ఒకటి. స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం దాని పక్కింటివే. వశం అంటేనే ఒకరి చేతికింద ఇంకొకరు. పేపర్లలో 'వశీకరణ స్పెషలిస్టు' ప్రకటనలు చూసే జనం ఫొటో తేకుండా ఏం తెస్తారు?

నేనే:
మరి సమ్మోహనం అంటే?

మాస్టారు:
అది ఇంకా ఘోరం. మన్మథుడి ఐదు బాణాల్లో అదొకటి. విరాటపర్వంలో అర్జునుడు వేసింది సమ్మోహనాస్త్రమే. భీష్ముడు తప్ప కౌరవులంతా సొమ్మసిల్లి పడిపోతే, ఉత్తరుడు రథం దిగిపోయి వాళ్ల తలపాగాలు, పై బట్టలు ఒలుచుకొచ్చినాడు, చెల్లెలి బొమ్మలకు కట్టను. ఆ కథ తెలిసినవాడు ఎవడైనా సమ్మోహన చికిత్సకు జేబులో పర్సు పెట్టుకుని పోతాడా?

సైకాలజీ చదివే అమ్మాయి, తిరుపతి:
మాస్టారూ, ఇంగ్లీషు మాటకూ ఇదే గతి పట్టింది. 'హిప్నాటిజం' అనే పేరును వాడుకలోకి తెచ్చింది జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్. 1843లో పుస్తకం రాశాడు. గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. కానీ హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ల మెదడు తరంగాలు నిద్రలో ఉన్నవాళ్లవిలా ఉండవు, మేలుకొని ఉన్నవాళ్లవిలాగే ఉంటాయి. మాట వింటారు, బదులిస్తారు. పేరు తప్పని బ్రెయిడ్‌కే అనిపించి 1847లో మోనోఐడియిజం అని మార్చబోయాడు. మనసంతా ఒకే తలపు మీద నిలవడం అని అర్థం. అప్పటికే పాత పేరు అంటుకుపోయింది, ఎవరూ వినలేదు.

ఇంకొకటి. చూపుడు వేలో, కళ్లో ఏదో శక్తిని పంపిస్తాయని జనం నమ్మే కాలంలోనే, మన గోవాలో 1756లో పుట్టిన అబే ఫారియా అనే పాదిరీ పారిస్‌లో చెప్పింది వేరు: శక్తి చేసేవాడిలో లేదు, చేయించుకునేవాడిలోనే ఉంది. పణజిలో ఆయన విగ్రహం ఉంది, చూశారా? కింద వాలిపోతున్న ఒకామె మీద చేతులు చాచి నిలబడి ఉంటాడు. ఆయన జీవితమంతా కాదన్నదాన్నే శిల్పి కంచులో పోసిపెట్టాడు!

పీలేరు నుంచి:
అయితే కనికట్టు అందాం. అచ్చ తెలుగు.

మాస్టారు:
కనికట్టు గారడీవాడిది. చూసేవాడి కన్ను కట్టేసి నీ ముందరే కోడిగుడ్డు మాయం చేస్తాడు. ఇక్కడ కళ్లు కట్టేదెవరు?

పీలేరు నుంచి:
ఒప్పుకున్నా. కానీ హిప్నాటిజం చేస్తే మరిచిపోయినవన్నీ బయటికొస్తాయంటారే, దొంగను కూడా పట్టొచ్చని?

సైకాలజీ అమ్మాయి:
లేదన్నా. ఆ స్థితిలో ఉన్నవాళ్లు జరగనిది కూడా జరిగినట్టు, గట్టి నమ్మకంతో చెప్పగలరు. అడిగే ప్రశ్నలోనే సగం జవాబు ఉంటుంది. అందుకే అలా వచ్చిన సాక్ష్యం అంటే కోర్టులకు అనుమానం.

పీలేరు నుంచి:
ఇది మా ఇంట్లోనే జరిగింది. అవ్వ కమ్మలు పోతే అంజనం వేయించినారు. తమలపాకు మీద కాటుక పూసి, చిన్నపిల్లోడిని చూడమన్నారు. "ఆడమనిషి కనిపిస్తాందా? పచ్చ చీరా?" అని అడగతానే ఉన్నారు, వాడు ఊ కొడతానే ఉన్నాడు. పక్కింటామెతో మాటలు ఆగిపోయినాయి. ఆరు నెలలకు కమ్మలు బియ్యం డబ్బాలో దొరికినాయి.

నేనే:
నాకు ఇప్పుడు తట్టింది. తప్పు నామవాచకంలో కన్నా క్రియలో ఎక్కువ ఉంది. 'వాణ్ణి హిప్నటైజ్ చేశాడు' అంటే చేసేవాడు కర్త, వాడు కర్మ. అదే గంగమ్మ జాతరలో 'ఆమెకు పూనకం వచ్చింది' అంటాం. నిద్ర వచ్చింది, నవ్వు వచ్చింది లాగా. చేసేవాడు లేడు.

సైకాలజీ అమ్మాయి:
పూనకం, హిప్నాసిస్ ఒకటేనని రాయకండి సార్, గొడవలైపోతాయి. వ్యాకరణం వరకు సరే. అందరికీ ఒకేలా రాదన్నది కూడా నిజం. కొందరు తొందరగా లీనమవుతారు, కొందరికి ఎంత చెప్పినా ఏమీ కాదు, చాలామంది మధ్యలో ఉంటారు. తెలివితక్కువవాళ్లే లొంగుతారన్నది ఉత్త మాట.

మదనపల్లె నుంచి:
నేను ఒప్పుకోను. మాట మార్చినంత మాత్రాన జనం మారరు. లాకెట్ ఊపగానే హీరోయిన్ కళ్లు తేలేసే సినిమాలు ఎన్ని చూడలేదు? మీరు అమృతం అని పేరు పెట్టినా ఫొటోలు తెస్తారు.

మాస్టారు:
అదీ నిజమే. అయినా బ్రెయిడ్ రెండో మాటకు మనకు తెలుగు ఎప్పటినుంచో ఉండాది కదా. 'ఒకటే ధ్యాస'. మా ఇంటామె సీరియల్ ముందర కూర్చుంటే నేను పిలిచినా పలకదు. పొయ్యి మీద పాలు పొంగే వాసన వస్తే మాత్రం ఒక్క ఉరుకున లేస్తాది. వశంలో ఉండే మనిషి లేస్తాదా?

సైకాలజీ అమ్మాయి:
మాస్టారూ, ఈ పోలిక మా క్లాసులో చెప్పేస్తాను.

నేనే:
పేరు మాత్రం 'హిప్నోథెరపీ' అనే ఉంచేశాను, ఒక్క మాటలో ఒదగదు. దాని కింద ఇలా రాశాను: "మనసును ఒకటే ధ్యాసలో నిలిపి చేసే చికిత్స. మీరు మేలుకొనే ఉంటారు. ఇష్టం లేకపోతే మధ్యలోనే లేచి వెళ్లొచ్చు. ఎవరి చికిత్సకు వాళ్లే రావాలి. ఫొటోలు పనికిరావు."

మాస్టారు:
ఆ చివరి ముక్క పెద్ద అక్షరాల్లో వేయించు నాయనా.