ఇంట్లో ఒక పేజీ, జిరాక్స్ షాపులో రెండు పేజీలు: కంపెనీకి ఉత్తరం టైపు చేసే పద్ధతి ఏమిటి?

అల్లూరు కోడలు
అందరికీ నమస్కారం. మా మామగారి రొయ్యల గుంటలో నీటికి గాలి పట్టించడానికి కొన్న ఏరియేటర్లలో ఒకదాని మోటారు గ్యారంటీ ఉండగానే కాలిపోయింది. డీలరుకు ఎన్నిసార్లు ఫోను చేసినా ‘కంపెనీకి రాతపూర్వకంగా పంపండి’ అన్న మాటే. కంపెనీ చెన్నైలో ఉంది. సరేనని ల్యాప్‌టాప్‌లో వర్డ్ తెరిచి ఇంగ్లిషులో ఉత్తరం రాశాను. మా చిరునామా, తేదీ కుడివైపున ఉండాలని స్పేస్ బార్ నొక్కుతూ పోయాను. తెర మీద చక్కగా కుదిరింది. పెన్‌డ్రైవులో వేసుకుని నెల్లూరులో జిరాక్స్ షాపుకు వెళ్తే చిరునామాలోని నాలుగు వరసలూ మెట్లలా దిగాయి. ముగింపు మాట మొదటి పేజీలో, మామగారి పేరు రెండో పేజీలో వచ్చాయి. ఆయన చూసి, ‘ఏమ్మా, నా ఒక్కడి పేరుకే ఇంకో కాగితమా?’ అన్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది? అసలు మనలాంటి వాళ్లు సొంత పని మీద కంపెనీకి రాసే ఉత్తరం ఎలా ఉండాలి?

ట్రంకురోడ్డు డీటీపీ
అమ్మా, రోజుకు ఇలాంటివి నాలుగైనా నా షాపుకు వస్తాయి. తప్పు షాపుది కాదు, స్పేస్ బారుది. ఇప్పటి ఫాంట్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు ఉంటుంది. ఖాళీ వెడల్పు కూడా ఫాంటును బట్టి మారుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో కొత్త వర్డ్ ఉంటే అది 2024 నుంచి ఆప్టోస్ అనే ఫాంటుతో తెరుచుకుంటుంది. షాపులో పాత వర్డ్ ఉంటే దానికి ఆ ఫాంటు తెలియదు. తన దగ్గరున్న వేరే ఫాంటును పెట్టుకుంటుంది. దాంతో మీరు లెక్కపెట్టి నొక్కిన ఖాళీలన్నీ చెదురుతాయి, వరసలు పెరుగుతాయి, చివరి పేరు పక్క పేజీలోకి జారుతుంది.

ఇలా చేయండి. ముందు లేఅవుట్‌లో సైజు ఎ4 ఉందో లేదో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అమెరికా వాళ్ల లెటర్ సైజు ఉంటుంది. అది 216 × 279 మిల్లీమీటర్లు, మన ఎ4 210 × 297. ఫాంటు టైమ్స్ న్యూ రోమన్ గానీ ఏరియల్ గానీ పెట్టండి, అవి దాదాపు ప్రతి విండోస్ కంప్యూటరులోనూ ఉంటాయి. చిరునామా వరసల్లోని ఖాళీలన్నీ తుడిచేసి, ఆ వరసలను ఎంచుకుని, పేరాగ్రాఫ్ గడిలో లెఫ్ట్ ఇండెంట్ (ఎడమ అంచు నుంచి వదిలే జాగా) 8 సెంటీమీటర్లు ఇవ్వండి. నాలుగు వరసలూ ఒకే గీత మీద నిలబడతాయి. ఎవరి కంప్యూటరులో తెరిచినా కదలవు.

ఇంకో మాట. మామూలుగా వర్డ్‌లో ఎంటర్ కొడితే కొత్త పేరా మొదలై, పైన 8 పాయింట్ల ఖాళీ చేరుతుంది. చిరునామా వరసల మధ్య షిఫ్టు పట్టుకుని ఎంటర్ కొడితే ఆ ఖాళీ రాదు. చాలా ఉత్తరాలు రెండో పేజీకి పోవడానికి సగం కారణం ఈ ఎంటర్లే.

ఒంగోలు పెన్షనర్
ఈ స్పేస్ బార్ అలవాటు మా తరం నుంచి వచ్చింది. నేను ఆఫీసులో చేరినప్పుడు టైపు మిషను మీద అక్షరాలన్నీ ఒకే వెడల్పు. ‘ఐ’కి ఎంత చోటో ‘డబ్ల్యూ’కీ అంతే. నలభై ఖాళీలు కొడితే మిషను మీద కాగితం ఉన్న బండి కచ్చితంగా నలభై అక్షరాల మేర కదిలేది. అప్పట్లో అది తప్పు కాదు, అదే పద్ధతి. మిషను పోయింది, వేలి అలవాటు మాత్రం మిగిలింది.

ఉత్తరం రూపం గురించి: మనకు బడిలో నేర్పిన లేఖలో కుడివైపు పైన ఊరు, తేదీ. తర్వాత సంబోధన, విషయం. కింద ‘ఇట్లు’, సంతకం. ఎదుటివారి చిరునామా అన్నింటికన్నా చివర, ఎడమవైపు. బంధువుకు రాసేటప్పుడు అది బాగుంటుంది. కంపెనీలో మాత్రం ఉత్తరం తెరిచే గుమాస్తాకు ఇది ఎవరికి, ఏ విభాగానికి అన్నది మొదటే కనబడాలి. అందుకని మీ చిరునామా, తేదీ, వారి చిరునామా, సంబోధన, విషయం అనే వరసలో రాయండి. విషయంలోనే బిల్లు నంబరు, మోటారు సీరియల్ నంబరు వేయండి. సగం పని అక్కడే అవుతుంది.

మార్కాపురం పలక
పెద్దాయన చెప్పిన వరస బాగుంది. కానీ కుడివైపు మోజు ఎందుకో నాకు అర్థం కాదు. అన్నీ ఎడమ అంచునుంచే మొదలుపెడితే ఇండెంటూ అక్కర్లేదు, టాబూ అక్కర్లేదు. చిరునామా, తేదీ, పేరాలు, సంతకం అన్నీ ఎడమవైపే. ఇంగ్లిషు ఉత్తరాల్లో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతే. కదలడానికి ఏమీ లేనప్పుడు ఏదీ కదలదు.

ఒంగోలు పెన్షనర్
కదలదు నిజమే. కానీ ఎడమవైపు అంతా బరువు, కుడివైపు అంతా ఖాళీ. ఒకవైపే సరుకెత్తిన ఎడ్లబండిలా ఉంటుంది బాబూ. చిరునామా, ముగింపు మధ్యనుంచి మొదలైతే చూపు నిలుస్తుంది. అయినా మీ ఇష్టం, రెండూ చెల్లుతాయి. సగం అలా, సగం ఇలా మాత్రం వద్దు.

ట్రంకురోడ్డు డీటీపీ
మా నెల్లూరు వాళ్లకు కుడివైపుతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2008 నుంచి జిల్లా పూర్తి పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. 8 సెంటీమీటర్ల జాగాలో దాని పక్కన పిన్ కూడా రాయబోతే వరస విరుగుతుంది. పిన్‌ను కింది వరసలో వేయండి.

కందుకూరు కబుర్లు
జిల్లా అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు. పాత ఫైలు తెరిచి, పైభాగం అలాగే ఉంచి, కింద కొత్త సంగతి రాసుకునే మాలాంటి వాళ్లం చాలాకాలం ప్రకాశం జిల్లా అనే పంపాం. పిన్ 523105 అలాగే ఉంది కాబట్టి ఉత్తరాలు చేరాయి.

నేను చెప్పదలచుకున్నది తేదీ సంగతి. ఇంటి పని మధ్యలో వదిలేసిన ఒక బిల్డరుకు ఉత్తరం రాశాను. తేదీని ఇన్సర్ట్ మెనూ నుంచి పెట్టాను. దానంతట అదే మారే గడిలో టిక్కు ఉందని చూసుకోలేదు. ఏడాది తర్వాత వకీలు గారు ‘ఆనాటి ఉత్తరం నకలు ఇవ్వండి’ అంటే ఫైలు తెరిచి, ప్రింటు తీసి, సంతోషంగా ఇచ్చాను. ఆయన అద్దాలు సవరించుకుని, ‘ఇందులో ఇవాళ్టి తేదీ ఉందండీ’ అన్నారు. ఫైలు తెరిచిన ప్రతిసారీ అది ఆ రోజు తేదీకి మారిపోతుందట. పోస్టాఫీసు రసీదు దాచి ఉండబట్టి బయటపడ్డాను.

తేదీని చేత్తో టైపు చేయండి. ఇప్పటికే మెనూ నుంచి పెట్టి ఉంటే దాని మీద కర్సర్ ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే మామూలు అక్షరాలుగా మారుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి. 04/05 అని రాస్తే మనకు మే 4, అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5. గ్యారంటీ తగాదాలో నెల తేడా చిన్నది కాదు.

అల్లూరు కోడలు
అయ్యో, నేనూ మెనూ నుంచే పెట్టాను! ఇప్పుడే మార్చాను. ఇంకో సందేహం. డీలరుకు తెలుగులో ఒక ప్రతి ఇవ్వాలని మామగారి పట్టుదల. తెలుగు ఫైలు షాపులో తెరిస్తే ఏమవుతుందో అని భయంగా ఉంది.

ట్రంకురోడ్డు డీటీపీ
ఫోనులో, ల్యాప్‌టాప్‌లో మామూలుగా టైపు చేసే తెలుగు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు. అది ఎక్కడైనా తెలుగుగానే ఉంటుంది. ఫాంటు లేకపోతే గౌతమి గానీ నిర్మలా గానీ వస్తుంది, అంతే. మేము పెళ్లి పత్రికలకు వాడే అను ఫాంట్లలాంటివి వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనబడతాయి. అందుకే షాపులో అలా టైపు చేయించుకున్న ఫైలు ఇంట్లో తెరిస్తే చదవడానికి రాదు.

యూనికోడ్‌తోనూ ఒక చిక్కుంది. పేజీ పొదుపు కోసం వరసల మధ్య దూరాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ’ 12 పాయింట్లు అని బిగిస్తారు. ఇంగ్లిషుకు సరిపోతుంది. తెలుగులో కింది వత్తులు తెగుతాయి, ‘రాష్ట్రం’ అన్న మాట సగమే కనబడుతుంది. ‘సింగిల్’ అని వదిలేయండి.

ఏ భాషైనా సరే, షాపుకు వర్డ్ ఫైలు తీసుకురావద్దు. ఇంట్లోనే పీడీఎఫ్‌గా దాచి అది తీసుకురండి. ఫాంట్లు అందులోనే ఉంటాయి, తేదీ కూడా మారదు.

మార్కాపురం పలక
పేరు రెండో పేజీకి జారకుండా ఇంకో ఉపాయం: చివరి పేరా, ముగింపు మాట, సంతకం జాగా అన్నింటినీ ఎంచుకుని పేరాగ్రాఫ్‌లో ‘కీప్ విత్ నెక్స్ట్’ పెట్టండి. జారాల్సి వస్తే అన్నీ కలిసే జారుతాయి. సంతకానికి మూడు నాలుగు వరసల ఖాళీ ఉంచండి.

ఒంగోలు పెన్షనర్
పేరు కింద ‘జతపరచినవి’ అని రాసి బిల్లు నకలు, గ్యారంటీ కార్డు నకలు అని వేయండి. అసలు కాగితాలు మాత్రం పంపవద్దు. ఏం కావాలో, ఎన్ని రోజుల్లో కావాలో చివరి పేరాలో సూటిగా అడగండి. కష్టాలు ఏకరువు పెట్టవద్దు.

అల్లూరు కోడలు
పీడీఎఫ్ తీసుకెళ్లాను. ఒక్క పేజీలోనే వచ్చింది, మెట్లు లేవు. కష్టాల పేరా ఉండేది, తీసేశాను. రొయ్య ధర గురించి కూడా రెండు వరసలు రాశాను లెండి, అవీ పోయాయి. ఎడమ అంచు పద్ధతే పెట్టాను, పెన్షనర్ గారు క్షమించాలి. మామగారు తెలుగులో సంతకం చేస్తారు. ఉత్తరం ఇంగ్లిషులో ఉంది, పరవాలేదా?

ఒంగోలు పెన్షనర్
నిక్షేపంగా చేయమనండి. బ్యాంకులో ఎలా చేస్తారో అలాగే. కింద పేరు టైపు చేసి ఉంది కదా. కాగితాన్ని మూడు మడతలు వేస్తే 22 సెంటీమీటర్ల పొడవు కవరులో సరిగ్గా కూర్చుంటుంది. స్పీడ్ పోస్టు రసీదును మీ ప్రతికి పిన్ను కొట్టి ఉంచండి.

అల్లూరు కోడలు
కొట్టేశానండీ.