ఉగాది రాత్రి ఆకాశంలో కాలిపోయినది మీ ఊళ్లో ఎక్కడ పడింది?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
2022 ఏప్రిల్ 2, శుభకృత్ ఉగాది. గుడిలో పంచాంగ శ్రవణం విని ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. రాత్రి ఎనిమిది కావస్తోంది. ఉత్తరాన నిప్పుముద్ద ఒకటి, దాని వెనక ఏడెనిమిది చిన్న రవ్వలు, ఒక్కొక్కదానికి ఒక తోక. పెళ్లి ఊరేగింపులా నింపాదిగా సాగిపోయాయి. చెరువు అవతల మిరప చేలో పడిందని వీధి వీధంతా ఒకే మాట. ఇద్దరు కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని అర్ధరాత్రి దాకా వెతికి, కాళ్లకు బురదతో తిరిగి వచ్చారు. తర్వాత చూస్తే మహారాష్ట్రలోనే, చంద్రపూర్ జిల్లా సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీలో పెద్ద లోహపు రింగు పడిందని వార్త. మరి మా చేలో పడిందేమిటి? మీ ఊళ్లో ఎవరైనా చూశారా?

కిన్వట్ కోడలు
చూశాం. మా ఊళ్లో గుట్ట వెనక పడింది. మామగారు స్కూటర్ బయటికి తీశారు కూడా. "మీ రాశికి వ్యయమే ఎక్కువని ఇందాకే విన్నాం, కూర్చోండి" అని అత్తయ్య తాళం చెవి లాక్కుంది.

బొగ్గూరు (ఘుగ్గుస్)
మాకు గనుల లైట్ల వెలుగులో మామూలు చుక్కలే కనబడవు. అయినా అది కనబడింది. రైలు పట్టాల అవతల పడిందని అందరూ అన్నారు.

ధర్మాబాద్ మాస్టారు
చెరువు వెనక, గుట్ట వెనక, పట్టాల వెనక. మూడు మూలల ఊళ్లు, ఒక్కటే వస్తువు! నవ్వుతున్నానని అనుకోకండి, నేనూ ఆ రాత్రి మా జిన్నింగు మిల్లు వెనక పడిందనే అనుకున్నాను.

చీకట్లో వెలుగు ఎంత దూరంలో ఉందో చెప్పడం మన కంటికి చేతకాదు. తెలిసిన చెట్టో గోడో అడ్డం వచ్చి వెలుగు మాయమైతే, దాని వెనకే పడిందని మనసు లెక్క కట్టేస్తుంది. నిజానికి ఇలాంటివి మండేది నేలకు 70, 80 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి నుంచి మూడు జిల్లాలకు ఒకేసారి కనబడుతుంది.

ప్రాణహిత గారూ, ఒక పని చేయండి. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఆ నిప్పుముద్ద దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తున సాగిందో గుర్తు చేసుకుని చెప్పండి. రెండు పిడికిళ్లయితే, 80 కిలోమీటర్ల ఎత్తు లెక్కన అది మీకు రెండు వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్నట్టు. మిరప చేనును వదిలేయవచ్చు.

బొగ్గూరు (ఘుగ్గుస్)
మాస్టారూ, అది ఉల్క కాదని ఎలా చెబుతారు? ఆ రాత్రి మా కాలనీలో అందరూ ఉల్క అనే అన్నారు.

ధర్మాబాద్ మాస్టారు
నింపాదితనం వల్ల. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. "అదిగో చుక్క రాలింది" అని పక్కవాళ్లకు చూపించేలోపు ఆరిపోతుంది. భూమి చుట్టూ తిరిగి దిగేదాని వేగం సెకనుకు 8 కిలోమీటర్ల లోపే. పైగా దాదాపు అడ్డంగా దిగుతుంది కాబట్టి, ముక్కలై, ఇంట్లోవాళ్లను పిలుచుకు వచ్చేదాకా కనబడుతూనే ఉంటుంది. ఈసారి ఏదైనా కనబడితే ఫోను వెతకడం కన్నా ముందు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. అంతకు మించిన పరికరం అక్కర్లేదు.

ఆనాటిది చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ భాగమని నిపుణులు గుర్తించారు. 2021 ఫిబ్రవరిలో ఎగిరింది. ఇలాంటి రాకెట్ భాగాలు చాలా సాగిన కోడిగుడ్డు లాంటి కక్ష్యలో మిగిలిపోతాయి. ప్రతి చుట్టులోనూ భూమికి దగ్గరగా వచ్చినప్పుడు పలచటి గాలిని రాసుకుంటాయి. ప్రతిసారీ కాస్త వేగం పోతుంది. ఏడాది పైచిలుకు అలా అరిగి అరిగి చివరికి మన పండగ రోజునే దిగింది. పాడ్యమి కాబట్టి వెన్నెల కూడా లేదు. అంతమంది చూడగలిగారంటే అదీ ఒక కారణమే.

కిన్వట్ కోడలు
అంటే మా గుట్ట వెనక ఏమీ లేదన్నమాట. మామగారికి చెప్పను, నాలుగేళ్లుగా వచ్చిన చుట్టాలందరికీ ఆ చోటు చూపిస్తున్నారు.

రాజురా అమ్మాయి
నేను అప్పుడు తొమ్మిదో తరగతి, మరాఠీ మీడియం. ఆ రాత్రి నానమ్మకు సైన్సు చెప్పబోయి నవ్వులపాలయ్యాను. వెలుగు ఏడాదిలో పోయే దూరం కాంతి సంవత్సరం, మా పుస్తకంలో దాన్ని ప్రకాశవర్ష అంటారు. మరాఠీలో వర్ష అంటే ఏడాది. నానమ్మ వాన అనుకుంది. "వెలుగు వానా? అదేనా ఇప్పుడు పడింది?" అంది. ఇప్పటికీ మా ఇంట్లో కాంతి సంవత్సరమంటే వెలుగు వానే. వెలుగును కూడా బయటికి పోనివ్వని కృష్ణబిలాన్ని (బ్లాక్ హోల్) బళ్లో కృష్ణవివర అంటే దాన్ని మాత్రం వెంటనే పట్టుకుంది, కృష్ణుడి వివరాలు అట.

అడగాలనుకున్నది ఇది: ఆ రాకెట్ ముక్కను మనం చూసినప్పుడే అది కాలుతోందా? చుక్కల వెలుగు పాతదని చెబుతారు కదా.

ధర్మాబాద్ మాస్టారు
తల్లీ, 80 కిలోమీటర్లు దాటడానికి వెలుగుకు సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అప్పటికప్పుడే అనుకో. చంద్రుడైతే సెకనుకు కొంచెం ఎక్కువ, సూర్యుడైతే 8 నిమిషాల పైచిలుకు. డిసెంబరులో, చీకటి పడ్డాక, సిరొంచ వంటి చోట నడినెత్తికి దగ్గరలో మసక మరకలా ఆండ్రోమెడా గెలాక్సీ కనబడుతుంది. ఆ వెలుగు బయలుదేరి 25 లక్షల ఏళ్లు. అప్పటికి మనిషి జాతి ఇంకా ఈ రూపానికి రాలేదు.

ఇంకా వెనక్కి పోతే, పాత యాంటెనా టీవీలో స్టేషను రానప్పుడు కనబడే చుక్కల గోల గుర్తుందా, నీకు గుర్తుండదు, మీ నాన్నగారిని అడుగు. ఆ గోలలో కాస్తంత భాగం సుమారు 1380 కోట్ల ఏళ్ల నాటి వెలుగే. విశ్వం మొదట్లో వేడిగా, చిక్కగా ఉన్నప్పటిది. విశ్వం వ్యాకోచించే కొద్దీ సాగిపోయి సూక్ష్మతరంగాలుగా (మైక్రోవేవ్‌లుగా) మిగిలింది. 1964లో అమెరికా శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ తమ యాంటెనాలో ఎంత ప్రయత్నించినా పోని గోలగా దాన్ని పట్టుకున్నారు. పావురాల రెట్ట వల్లేమోనని యాంటెనా కడిగి కూడా చూశారు. 1978లో నోబెల్ వచ్చింది. విశ్వానికి మొదలూ తుదీ లేదని వాదించిన స్థిరస్థితి సిద్ధాంతానికి పెద్ద దెబ్బ అదే. మన కొల్హాపూర్‌లో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మాత్రం 2025లో పోయేదాకా, విశ్వానికి అలాంటి వేడి మొదలు ఉందనే మహావిస్ఫోటాన్ని (బిగ్ బ్యాంగ్) ఒప్పుకోలేదు. నాకు ఆయన పక్షం నచ్చదు, కానీ ఆయన వేసిన ప్రశ్నలు నచ్చుతాయి.

గోదారి గట్టు (నాందేడ్)
పక్కనే హింగోలీ జిల్లాలో, ఔంఢా నాగనాథ్ దగ్గర గురుత్వాకర్షణ అలలను పట్టే లైగో కేంద్రం రాబోతోందని ఎవరూ చెప్పలేదేం? 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 2600 కోట్లకు ఆమోదం తెలిపింది. ఒక్కొక్కటి 4 కిలోమీటర్ల పొడవున్న రెండు చేతులు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగోలు రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన అలను పట్టుకున్నాయి. అది బయలుదేరి దాదాపు 130 కోట్ల ఏళ్లు. ఇదీ రాజురా నానమ్మ గారి వానే, కాకపోతే వెలుగుది కాదు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
మాస్టారూ, నిన్న రాత్రి అదే అరుగు మీద నిలబడి కొలిచాను. ఆనాడు అది వేపచెట్టు కొమ్మ చివరను తాకుతూ పోయింది. చెట్టు ఇప్పుడు కొంచెం పెరిగింది, అది మినహాయిస్తే రెండు పిడికిళ్లు. టార్చిలైట్ల కుర్రాళ్లలో ఒకడికి చెప్పాను. "అయితే మా చెప్పులు ఉత్తి పుణ్యానికి పోయాయా" అన్నాడు. సిందేవాహీ దగ్గరివాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు ఎన్ని పిడికిళ్లు?

రైస్‌మిల్లు గుమాస్తా (మూల్)
పిడికిళ్లు లెక్కపెట్టే పనే లేదండీ. లారీలో బస్తాలు ఎక్కిస్తున్నాం. హమాలీ ఒకడు బస్తా దించి పైకి చూశాడు, మేమందరం చూశాం. నెత్తి మీదుగా పోయింది. మెడ పూర్తిగా వెనక్కి వంచాల్సి వచ్చింది. మా ఊళ్లో మాత్రం దేని వెనకా పడిందని ఎవరూ అనలేదు.