చింగ్ రాజవంశం నాటి చైనా: రష్యాకు ఇచ్చిన సుంకం రాయితీ బ్రిటన్‌కు ఎందుకు దక్కలేదు?

ప్రశ్న:
చైనా మరే దేశానికి కొత్త సౌకర్యం కల్పించినా అది తమకూ వర్తించాలన్న షరతును బ్రిటన్ 1843 నాటి బోగ్ ఒప్పందంలో రాయించుకుంది. మరుసటి ఏడాదే అమెరికా, ఫ్రాన్స్ కూడా అటువంటి షరతునే సాధించుకున్నాయి. అయితే 1862 నాటి భూమార్గ వర్తక నిబంధనల ప్రకారం, రష్యా వర్తకులు భూమార్గంలో ఉత్తర చైనా రేవు టియాంజిన్‌కు తెచ్చే సరుకుపై ఓడరేవుల్లో వసూలు చేసే సుంకంలో మూడో వంతు తగ్గించారు. రష్యా, చైనా సరిహద్దుకు వంద లీ, అంటే దాదాపు 50 కిలోమీటర్ల లోపు జరిగే వర్తకానికి సుంకమే లేదు. ‘అత్యంత అనుకూల దేశం’ హోదా ఉన్న బ్రిటన్ ఈ తగ్గింపును తన ఓడ సరుకుకు ఎందుకు పొందలేకపోయింది?

మొదటి జవాబు:
ఆ రాయితీని రష్యాకు కాక మార్గానికి ఇచ్చినదిగా చూడాలి. మంగోలియా మీదుగా ఒంటెలపై నెలల తరబడి సాగే రవాణా ఖర్చును దృష్టిలో ఉంచుకుని ఇచ్చిన తగ్గింపును, ఆ ఖర్చు లేని ఓడ సరుకుకు అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. తర్వాతి పరిణామాలు కూడా దీన్నే బలపరుస్తున్నాయి. టోంకిన్ (నేటి ఉత్తర వియత్నాం) సరిహద్దులో ఫ్రాన్స్ 1887లో దిగుమతులపై పదింట మూడు వంతులు, ఎగుమతులపై పదింట నాలుగు వంతులు తగ్గింపు పొందగా, బ్రిటన్ 1894లో ఓడ సరుకుకు కాక, బర్మాకూ చైనా రాష్ట్రమైన యునాన్‌కూ మధ్య భూసరిహద్దుకు సరిగ్గా అవే వంతులను ఒప్పందంలో చేర్పించుకుంది.

రెండో జవాబు:
పై వాదన సబబే కానీ, నష్టపోయింది ఎవరన్నది అందులో కనబడదు. విదేశాలతో కుదిరిన ఒప్పందాలు సుంకాన్ని సుమారు 5 శాతానికి కట్టివేశాయి, దాన్ని పెంచే అధికారం చింగ్ ప్రభుత్వానికి లేదు. పైగా చాలా సరుకులపై సుంకాన్ని ఇంత తూకానికి ఇంత వెండి అని నిర్ణయించడం వల్ల, ధరలు పెరిగిన కొద్దీ అసలు రాబడి ఆ 5 శాతానికీ చేరేది కాదు. 1901లో, విదేశీయులపై బాక్సర్ల తిరుగుబాటును అణచాక కుదిరిన బాక్సర్ ఒప్పందం నాటికి గానీ దాన్ని నిజమైన 5 శాతానికి సవరించడానికి విదేశాలు అంగీకరించలేదు. ఇంత తక్కువ సుంకంలోనూ మళ్లీ తగ్గింపు ఇవ్వవలసి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇతరులకు ఇచ్చిన సౌకర్యం కోరేవారు దానితో పాటు ఉన్న షరతులకూ లోబడాలని చైనాలో బ్రిటిష్ రాయబారి ఆల్కాక్ 1869లో కుదిర్చిన ఒప్పందం చెప్పింది. చైనాకు కొంతైనా న్యాయం చేయగలిగిన ఆ ఒప్పందాన్ని బ్రిటిష్ వర్తకులు వ్యతిరేకించడంతో, లండన్ ప్రభుత్వం 1870లో ఆమోదించడానికి నిరాకరించింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మంచూరియా మీదుగా రష్యా వేసిన చైనా తూర్పు రైల్వేకు సంబంధించిన 1896 నాటి ఒప్పందం రైలులో వచ్చే సరుకుకు కూడా మూడో వంతు తగ్గించింది కదా, అక్కడ ఒంటెల ఖర్చు వాదన ఎలా నిలుస్తుంది?

మొదటి జవాబు రాసినవారు:
నిలవదు. రైలు వచ్చాక ఆ తగ్గింపుకు రవాణా కష్టం కారణం కాలేదు, రష్యా పలుకుబడి ఒక్కటే మిగిలింది. భూసరిహద్దుల్లోనూ రేవుల్లోనూ ఒకే సుంకం ఉండాలన్న సూత్రాన్ని విదేశాలు ఒప్పందంలో అంగీకరించినది చింగ్ సామ్రాజ్యం కూలిన పదేళ్లకు, 1922లో వాషింగ్టన్ సమావేశంలో.