అడవిలో కాపు కూర్చునేవారు బట్టలకు మనిషి వాసన పోగొట్టుకోవాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అమెరికాలో దుప్పుల వేటకు వెళ్లేవారు తమ బట్టలకు మనిషి వాసన అంటకుండా తీసుకునే జాగ్రత్తల గురించి ఈ మధ్య వివరంగా చదివాను. వేట బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా పరిమళం లేని సబ్బుతో విడిగా ఉతుకుతారు. ఆరుబయట ఆరవేసి, మూత బిగుతుగా పట్టే పెట్టెలో, తాము వెళ్లబోయే అడవిలోని ఆకులతో సహా దాచి, అడవి అంచుకు చేరాకే వాటిని తొడుక్కుంటారు. కొందరు బొగ్గు పొర కూర్చిన దుస్తులు కొంటారు, మరికొందరు ఓజోన్ యంత్రం కింద బట్టలు పెడతారు. అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడవచ్చు. మన దగ్గర వేట నేరం, నేరంగానే ఉండాలి. అయితే కెమెరా పట్టుకుని మంచె మీదో, గెడ్డ (కొండవాగు) ఒడ్డున పొద మరుగునో కూర్చునే మనం కూడా జంతువు కంట, ముక్కున పడకుండానే కదా ఉండాలి.

నా వాదన ఇది. మే నెలలో కొండలో నీరు ఒకటి రెండు చోట్లే మిగిలినప్పుడు, దాహంతో దిగివచ్చిన కణుజు (సాంబారు దుప్పి) మనల్ని పసిగట్టి నీరు తాగకుండా వెనక్కి మళ్లితే, ఆ తప్పు మనదే. అది ఒక్కసారి అరిచిందంటే ఆ వాలులో ఉన్న జంతువులన్నీ గెడ్డకు రావడం మానేస్తాయి. ఫొటో రాకపోతే పోనీ, ఒక జంతువు దాహంతో వెనుదిరగడానికి కారణం కాకుండా ఉండాలంటే బట్టల విషయంలో ఆ వేటగాళ్ల క్రమశిక్షణ మనకూ రావాలి. గజపతి, రాయగడ కొండల్లో తిరిగేవారు మీ అభిప్రాయం చెప్పండి.

జీడితోట (కాశీనగర్):

తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదే గానీ మన కొండల్లో ఈ సలహా పాటించినవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని నేను నమ్ముతున్నాను. నువ్వు చదివిన మనుషులు వెళ్లే అడవిలో దుప్పి మనిషిని చూసి పారిపోతుంది. మన అడవిలో ఎలుగుబంటి ఉంది. దానికి చూపు మందం, వినికిడి కూడా అంతంతే, దాని బతుకంతా ముక్కు మీదే నడుస్తుంది. మట్టి కింద ఉన్న చెదలను వాసన పట్టి తవ్వుకుని తినే జంతువు అది. పుట్టలో మూతి పెట్టి బుసలు కొడుతూ పీల్చుకునేటప్పుడు దానికి మన అడుగుల చప్పుడు కూడా వినపడదు. ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం అది కావాలని వెతుక్కుంటూ వచ్చి చేసినవి కావు. మలుపులోనో, లంటానా పొదల మధ్యనో పది పదిహేను అడుగుల దూరంలో మనిషి హఠాత్తుగా ఎదురైనప్పుడు భయంతో మీదపడేవే. ముందుగా మన వాసన దానికి అందితే చాలాసార్లు అదే పక్కకు తప్పుకుంటుంది. ఆ కబురు అందకుండా మనమే చేసుకోవడం ఏం తెలివి?

ఫాల్గుణం, చైత్రాల్లో ఇప్పపువ్వు రాలే రోజులను గుర్తు తెచ్చుకోండి. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి వెళతారు, ఎలుగు కూడా ఆ పువ్వుకే వస్తుంది. ఆ తర్వాత జీడిమామిడి పళ్లు, పనసపళ్లు ముగ్గే కాలంలో అది తోటల్లోకే దిగుతుంది. మా దగ్గర సవర పెద్దలు తోటలోకి అడుగు పెట్టేముందు దగ్గుతారు, కర్రతో చెట్టు మొదలు కొడతారు, చుట్ట వెలిగిస్తారు. మనిషి వస్తున్నాడని ముందే తెలియజేయడం వారి పద్ధతి. దాన్ని వదిలి, వాసన లేని మనిషిగా మారి పొదల్లో నడవడం నాకు సమ్మతం కాదు.

రసాయనం మాస్టారు (గుణుపురం):

ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది. అసలు బట్టకు వాసన ఎలా పడుతుందో, ఎంతవరకు పోతుందో తెలిస్తే వాదన నేల మీదికి వస్తుంది.

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లో ఉండే ప్రత్యేక గ్రంథుల స్రావాన్ని చర్మం మీది సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలదీ, గంధకం కలిసిన పదార్థాలదీ ఆ వాసన. అందులో ఆమ్లాల భాగాన్ని తినే సోడా లొంగదీస్తుంది, ఎందుకంటే ఆమ్లం లవణంగా మారాక గాలిలోకి ఆవిరి కాదు. మిగతా పదార్థాల మీద దాని ప్రభావం తక్కువ. అందుకే జాడించిన చివరి నీళ్లలో తినే సోడా వేస్తే కొంత మేలు కనిపిస్తుంది, పూర్తిగా పోదు. కుంకుడుకాయ రసం జిడ్డును బాగా వదిలిస్తుంది, పరిమళం మిగల్చదు. దుకాణంలో దొరికే ఉతుకు పొడితో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి దాని అత్తరు వాసన. రెండోది, తెల్లబట్ట మెరిసేందుకు అందులో కలిపే పదార్థం, అది అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా వదులుతుంది. దుప్పి జాతి కంటికి నీలి కాంతి మనకంటే బాగా తెలుస్తుందని అమెరికా దుప్పుల మీద జరిగిన పరిశోధనలు చూపాయి. వాసన పోగొట్టాలని ఉతికిన చొక్కా మునిమాపు వేళ మెరుస్తూ కనిపిస్తే ఏం లాభం?

నూలు, పాలిస్టర్ల తేడా కూడా చెప్పాలి. చెమటలోని జిడ్డు పాలిస్టర్ పోగును గట్టిగా పట్టుకుంటుంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రచురించిన పరిశీలనలో, వ్యాయామం చేసినవారి నూలు చొక్కాలకంటే పాలిస్టర్ చొక్కాలకు దుర్వాసన ఎక్కువగా పట్టిందనీ, దానికి కారణమైన సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద బాగా పెరిగాయనీ తేలింది. ఆకుల బొమ్మలు అచ్చువేసి సంతల్లో అమ్మే చొక్కాలు చాలావరకు పాలిస్టర్‌వే. వాటికంటే ఉతికి ఉతికి వెలిసిన ఖాకీ నూలు చొక్కా మేలు.

ఇక బొగ్గు పొర దుస్తులు. బొగ్గు వాసనను పట్టి ఉంచే మాట నిజమే, కానీ దాని రంధ్రాలు నిండిపోతాయి. వాటిని తిరిగి పూర్తిగా ఖాళీ చేయాలంటే పరిశ్రమల్లో 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలుస్తారు. ఇంట్లో బట్టలారబెట్టే యంత్రం వేడి అందులో పదో వంతు కూడా ఉండదు. ఓజోన్ ఊపిరితిత్తులకు చేటు, గాలి ఆడని గదిలో ఆ యంత్రాన్ని ఎవరూ పెట్టవద్దు.

మహేంద్రతనయ:

మాస్టారూ, ఇంత విడమరచి చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. జీడితోట అన్నగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆయన నడక గురించి చెబుతున్నారు, నేను కూర్చోవడం గురించి అడుగుతున్నాను. మంచె మీద కదలకుండా ఉన్నవాడు ఎలుగుకు మలుపులో ఎదురుపడడు కదా. బొగ్గు దుస్తులు, ఓజోన్ యంత్రాలు వదిలేద్దాం. కుంకుడుకాయ, నూలు బట్ట, తినే సోడా వల్ల నష్టమేమిటి?

వంశధార గట్టు (గుణుపురం):

పరిశోధకుల వెంట కెమెరా ట్రాపులు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) కట్టే పనిలో తిరిగినవాడిగా చెబుతున్నాను. 2018 జాతీయ పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు అమర్చారు. వాటిలో 76,651 పులి చిత్రాలు, 51,777 చిరుత చిత్రాలు వచ్చాయి. ఆ కెమెరాలను చెట్లకు కట్టింది ఖాకీ బట్టల్లో చెమటోడ్చిన అటవీ సిబ్బందే, వాసన లేని దుస్తులు ఎవరికీ ఇవ్వలేదు. పాత వాసన ఉన్నా జంతువు ఆ దారిన నడుస్తుంది, అదే దారిన అప్పుడే వస్తున్న మనిషి తాజా వాసన తగిలితే ఆగిపోతుంది. ఊరి పొలిమేర అడవిలో బతికే దుప్పికి మనిషి వాసన రోజూ తగులుతూనే ఉంటుంది. ఎక్కడ, ఎటునుంచి, ఎంత తాజాగా తగిలిందన్నదే దానికి ముఖ్యం.

2002లో అమెరికాలో మనుషులను వెతికే కుక్కలతో ఒక పరీక్ష చేశారు. బొగ్గు దుస్తులు తొడుక్కుని దాక్కున్నవారిని కూడా కుక్కలు కనిపెట్టాయి. మామూలు బట్టల్లో ఉన్నవారితో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. మన చర్మం నుంచి క్షణక్షణం పొరలు రాలుతుంటాయి, ఊపిరి ఆగదు, తల వెంట్రుకలకు కొబ్బరినూనె ఉంటుంది. చొక్కా ఒక్కటి శుభ్రం చేసి మనిషిని దాచలేం.

కాబట్టి బట్ట మీద పెట్టే శ్రమలో సగం గాలి మీద పెట్టండి. మన కొండల్లో గాలి తీరు అందరికీ అనుభవమే, దాన్ని లెక్కలోకి తీసుకునేవారు మాత్రం తక్కువ. ఎండ పడి వాలు వేడెక్కాక గాలి కింది నుంచి పైకి పాకుతుంది, పొద్దుగుంకాక చల్లబడిన గాలి బరువెక్కి గెడ్డ వెంట కిందికి జారుతుంది. ఉదయం గెడ్డలో కూర్చుంటే మన వాసన కొండంతా ఎక్కుతుంది, సాయంత్రం వాలు మీద కూర్చుంటే నీటి దగ్గరికి దిగుతుంది. తూర్పున ఎండ తగిలిన వాలులో గాలి పైకి పోతుంటే, ఎదుటి నీడ వాలులో ఇంకా కిందికే వస్తూ ఉండవచ్చు. జిల్లేడు కాయ పగిలినప్పుడు వచ్చే దూదిని చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఒక్క పోగు వదిలితే అది మొదట నిలిచి, తర్వాత ఏ కొమ్మ దాటి ఎటు వంగి పోతుందో కనుచూపు మేర కనిపిస్తుంది. బూడిద విదిల్చితే చేతి దగ్గరి గాలే తెలుస్తుంది, దూది అయితే మలుపు అవతలి గాలిని కూడా చూపిస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే ఇక్కడ చదివేవారిలో కుర్రవాళ్లు ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణతో వేట లైసెన్సుల కాలం ముగిసింది. ఆ చట్టంలో వేట అనే మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు, ఎర వేయడం, తోలడం, అందుకు ప్రయత్నించడం కూడా అందులోకే వస్తాయి. ఫొటో కోసమని ఉప్పు గడ్డ పెట్టినా చిక్కే. లఖారి లోయ వంటి అభయారణ్యంలోకి ఫొటోల కోసం వెళ్లాలంటే ముందుగా అనుమతి పత్రం ఉండాలి.

సీతాకోక (బరంపురం):

నేను జంతుశాస్త్రం చదువుతున్నాను. ఏనుగులు తిరిగే లఖారి పేరు వచ్చింది కాబట్టి వాటి గురించి రెండు మాటలు చెబుతాను. ఆఫ్రికా ఏనుగుకు వాసనకు సంబంధించి పనిచేసే జన్యువులు 1,948 ఉన్నాయని 2014లో లెక్కగట్టారు. అదే లెక్కలో కుక్కకు 811, మనిషికి 396. కెన్యాలోని అంబోసెలిలో 2007లో జరిగిన పరిశోధన మన చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఏనుగులను బల్లేలతో పొడిచే మసాయి యువకులు తొడిగి విడిచిన గుడ్డలు, వ్యవసాయం చేసుకునే కాంబా వారు తొడిగి విడిచిన గుడ్డలు ఏనుగుల ముందు పెట్టారు. మసాయి గుడ్డ వాసన తగలగానే అవి మరింత వేగంగా, మరింత దూరం పారిపోయి ఎత్తయిన గడ్డిలోకి వెళ్లేదాకా ఆగలేదు. ఒక గుడ్డను బట్టి వచ్చినవాడు ఏ రకం మనిషో పోల్చుకోగల జంతువు ముందు తినే సోడా ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి అన్నగారూ.

పైగా ఏనుగులు తిరిగే చోట మనం వాసన దాచుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం కూడా. పిల్లతో ఉన్న ఆడ ఏనుగుకు మనం దగ్గర్లో ఉన్నామని ఆలస్యంగా తెలియడంకంటే దూరం నుంచే తెలియడం ఇద్దరికీ క్షేమం.

జీడితోట:

అమ్మాయి చెప్పిన మాట నా మనసులోని మాటే. మహేంద్రతనయ తమ్ముడు మంచె మీద కూర్చున్నవాడి సంగతి అంటున్నాడు. మంచె దాకా ఎగిరి వెళ్లడు కదా? తెల్లవారకముందు చీకట్లో నడిచి వెళతాడు, చీకటి పడ్డాక దిగి వస్తాడు. ఎలుగు తిరిగేది కూడా సరిగ్గా ఆ రెండు వేళల్లోనే. నేను అడ్డు చెప్పేది ఆ రాకపోకలకే.

మహేంద్రతనయ:

రాకపోకల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను అన్నగారూ. నడిచేది మామూలు బట్టల్లో, మాట్లాడుకుంటూ, కర్ర చప్పుడు చేసుకుంటూ, ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి. ఉతికి దాచిన బట్టలు మంచె ఎక్కాకే మార్చుకోవడం, దిగేముందు తిరిగి మామూలు బట్టలు వేసుకోవడం. ఏనుగుల జాడ ఉన్న చోట అసలు కూర్చోకపోవడం. దాహంతో వచ్చే జంతువు గురించి నేను మొదట అన్న మాటను మాత్రం వదులుకోను. గాలి మనవైపు ఉన్నా మధ్యలో ఒక్కసారి తిరగవచ్చు, అప్పుడు జంతువు ముక్కుకు అందేది ఎంత పలచగా ఉంటే అంత మంచిది. మాస్టారూ, బట్టలు దాచడం, చెప్పుల సంగతి కూడా చెప్పండి.

రసాయనం మాస్టారు:

బట్టలు వంటింటి దరిదాపుల్లో ఆరవేయవద్దు, పోపు వాసన నూలుకు ఇట్టే పడుతుంది. అగరుబత్తి వెలిగే గదిలోనూ వద్దు. పాత ట్రంకు పెట్టెల్లో కలరా ఉండల వాసన ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి వాటికి బదులు మూత బిగుసుకునే స్టీలు డబ్బా వాడండి, బట్ట పూర్తిగా ఆరాకే పెట్టండి, లేకపోతే ముక్క వాసన వస్తుంది. పాదాలకు చెమట ఎక్కువ, నేలకు, గడ్డికి ఆ వాసన అంటుకుని నిలుస్తుంది కనుక తోలు బూట్లకంటే మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు మేలు. పాములున్న గెడ్డల్లో అవి కాళ్లకు రక్షణ కూడా. దోమల మందు రాసుకుంటే మాత్రం ఈ శ్రమంతా వృథా, నిండు చేతుల చొక్కా, తలకు పలుచని వల వాడండి. మలేరియా ఉన్న ఏజెన్సీలో రాత్రి కాపు కూర్చునేవారు మాత్రం వాసన సంగతి పక్కన పెట్టి మందు రాసుకోవలసిందే.

జీడితోట:

మంచె మీద బట్టలు మార్చుకునే ఏర్పాటుకు నాకు అభ్యంతరం లేదు. ఇప్పపువ్వు రాలే రెండు నెలలు మాత్రం మా వైపు ఎవరూ కాపుకు రావద్దు, ఏ బట్టల్లోనైనా సరే. ఆ రోజుల్లో చెట్ల కింద ఊరి ఆడవాళ్లు ఉంటారు, మీరు బెదరగొట్టిన ఎలుగు పరుగెత్తేది వాళ్ల మీదికే.