పన్ను పీకించాక అమ్మకి నొప్పి పెరుగుతోంది, డ్రై సాకెట్టేనా?

అందరికీ నమస్కారమండీ, మాది పర్లాకిమిడి. అమ్మకి కింద దవడ పన్ను మొన్న పీకించాం, డాక్టరుగారు దూది పెట్టి అరగంట పైన గట్టిగా కొరికి పట్టుకోమన్నారు, 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, ఆ తర్వాతే గోరువెచ్చటి ఉప్పునీళ్ళు మెల్లగా అన్నారు, అన్నీ అలాగే చేశాం. రక్తం ఆ రోజే ఆగింది, వాపు కూడా తగ్గింది, జ్వరం లేదు.

కానీ నొప్పి తగ్గాల్సింది పోయి ఎక్కువైంది, చెవి దాకా లాగేస్తోందంటోంది, నోరు కూడా వాసనొస్తోంది. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడితే ఇలాగే ఉంటాదంట కదా, డ్రై సాకెట్ అంటారంట, ఇదేనా?

అసలు సంగతేంటంటే ఆవిడకి చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ, నిప్పు నోట్లోపలికి పెట్టుకుంటాది, మా వైపు పెద్దాళ్ళకి మామూలే. మానేశానంటోంది గానీ పెరట్లోకెళ్తే వాసన తెలుస్తోంది.

పక్కింటి పిన్ని లవంగనూనెలో దూది ముంచి గుంటలో పెట్టెయ్యమంటోంది, ఇంట్లో మనమే పెట్టొచ్చా, లేక డాక్టరే కడిగి మందు పెట్టాలా? పెరుగేసిన చద్దన్నం, అదే ఒడియావాళ్ళ పఖాళ, మెత్తగా చల్లగా ఉంటాదని పెడుతున్నా, మెతుకులు గుంటలో ఇరుక్కుంటాయేమో? ఇక్కడ క్లినిక్ సోమవారం దాకా మూత, ఆగొచ్చా, బరంపురం తీసుకెళ్ళిపోవాలా?

చుట్ట ఎన్నాళ్ళు ఆపాలో తెలిసినోళ్ళు కాస్త గట్టిగా రాయండి, ఆవిడకి చదివి వినిపిస్తా, నా మాటైతే వినదు.