డేకేర్ ఆయాల జీతం పెంచమని తల్లిదండ్రులు ఎలా అడగాలి? (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్ వాసి:
మా పిల్లల డేకేర్‌లో 24 మంది పిల్లలు, నలుగురు ఆయాలు. జీతం ఒక్కొక్కరికి నెలకు 12,000. ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, వారానికి ఆరు రోజులు. వాళ్ల ఉద్యోగాలకు ఎసరు రాకుండా ఈ మాట ఎత్తడం ఎలా అండీ?

లెక్కల మనిషి:
ముందు గంటలు లెక్కపెట్టండి. మీరు చెప్పినట్టయితే వారానికి 60. మామూలు పని 48 గంటలే, పైన 12 గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. 12,000ను 26 రోజులకు, 8 గంటలకు భాగిస్తే గంటకు 57.69. రెట్టింపు 115.38. వారానికి 12 గంటల చొప్పున ఏడాదికి 624, అంటే నెలకు 52 గంటల ఓటీ (అదనపు పని), 6,000. ఒక్కొక్కరికి ప్రతి నెలా అంత బాకీ!

‘మధ్యాహ్నం విశ్రాంతి ఉంది కదా’ అంటారు యజమాని. అది పిల్లలు పడుకునే వేళ. ఒకరికి జోకొడుతూ, ఇంకొకరి డైపర్ చూస్తూ, మధ్యలో టిఫిన్ డబ్బా విప్పుకోవడం విశ్రాంతి ఎలా అవుతుంది? పిల్లల్ని వేరొకరికి అప్పజెప్పి గది దాటగలిగితేనే విరామం.

అసలు 12,000 కనీస వేతనానికి సరిపోతుందో కూడా చూడండి. అందులో కలిసే కరువు భత్యం (ధరలను బట్టి మారే భాగం) ఏటా ఏప్రిల్ 1న మారుతుంది. పాత నోటిఫికేషన్ చూసి సరే అనుకుంటే పొరపాటే.

మడివాళ అక్క:
డబ్బెక్కడిది అని యజమాని అడుగుతారు. నలుగురికి 24,000, పిల్లలకు పంచితే తలా 1,000. ఉత్తినే ఫీజు పెంచుకోమంటే అది అద్దెలో కలిసిపోతుంది. ఏ తేదీ నుంచి, ఎవరికి ఎంత, బ్యాంకు ఖాతాకే అని మెయిల్‌లో రాయించుకోండి.

ఫీజు కుదరకపోతే షిఫ్టు మార్చమనండి: ఇద్దరు 8:30–4:30, ఇద్దరు 10:30–6:30. జీతం తగ్గకూడదు. ఆ పొద్దున, సాయంత్రం వేళల్లో ఎంతమంది పిల్లలుంటారో ముందు చూడాలి, ఇద్దరితో 24 మందిని చూడటం ప్రమాదం.

వేరే బ్రాంచీలుంటే అన్నీ కలిపి 20 మంది అయితే పీఎఫ్ కూడా కట్టాలి.

కార్మిక చట్టాలు:
ఆయాలను అడగకుండా ఫిర్యాదు మాత్రం వేయకండి, దెబ్బ తగిలేది వాళ్లకే. హాజరు పుస్తకంలో ఎనిమిది గంటలే రాసి ఉండొచ్చు. దానికి జవాబు మీ దగ్గరే ఉంది: పిల్లల్ని దింపిన, తీసుకెళ్లిన టైములు. వాటికి జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు జతచేస్తే, ఆయాలు సరేనంటే, బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవనంలో కార్మిక శాఖ వాళ్లను కలవండి. కనీస వేతన చట్టం కింద బకాయి క్లెయిముకు ఇదివరకు 6 నెలలే గడువు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లో (జీతాల కొత్త చట్టం) 3 ఏళ్లు.

వైట్‌ఫీల్డ్ వాసి:
గేటు పుస్తకంలో టైములన్నీ ఉన్నాయి. ముందు ఆయాలతో మాట్లాడి, ఆ తర్వాతే మెయిల్ పెడతాం. ధన్యవాదాలండీ.